మిఠాయి రంగు, బ్లీచింగ్ నీళ్లు

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ ఎక్కాలా, లిఫ్టు కోసం ఆగాలా అని నా మోకాళ్లతో సంప్రదింపులు జరుపుతుండగా వెనక నుంచి ఎవరో "మేడమ్, నమస్తే మేడమ్" అన్నారు. తిరిగి చూస్తే నలభై దాటిన మనిషి. నుదుటి మీద జుట్టు పలచబడింది, మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది, పక్కన ఇంటర్ చదివే వయసున్న కూతురు. నన్ను గుర్తుపట్టారా అని అడగకుండా పుణ్యం కట్టుకున్నాడు. కూతురి వైపు తిరిగి, "నేను చెప్తుంట గదా, గ్లాసుల్లో ఎర్ర నీళ్లు పోసి కైనెటిక్స్ చెప్పిన మేడమ్ అని. ఈ మేడమే" అన్నాడు. ఆ పిల్ల చేతులు జోడించింది. "ఇప్పటికీ రియాక్షన్ ఆర్డర్ అంటే నాకు ఆ గ్లాసులే యాదికొస్తయి మేడమ్. అట్ల ఇంకెవ్వరు చెప్పలే" అన్నాడు. నేను నవ్వి, పిల్ల తల మీద చెయ్యి వేసి, బాగా చదువుకోమ్మా అన్నాను. ఇంతలో రైలొచ్చింది, వాళ్లు వెళ్లిపోయారు. ఆ గ్లాసుల ఆలోచన నాది కాదని మాత్రం చెప్పలేదు. పెన్షన్ వయసు వచ్చాక కూడా పొగడ్త అంటే ఇంత ఆశేమిటో నాకు అర్థం కాదు. అక్కడ చెప్పలేని మాట ఇక్కడైనా చెప్పాలి. ఆ గ్లాసులు మా తోటికోడలివి.

వై టూ కే అని, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లతో పాటు ప్రపంచమంతా ఆగిపోతుందని భయపెట్టి, ఏమీ ఆగకుండా గడిచిపోయిన తర్వాతి రోజులవి. అమీర్‌పేటలో గోడ కనిపించేది కాదు, గోడ మీద అంటించిన జావా, ఒరాకిల్, టెస్టింగ్ కాగితాలే కనిపించేవి. చేతిలో ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని జిల్లాల నుంచి దిగిన పిల్లలు, వాళ్ల సర్టిఫికెట్లను పగలంతా నకళ్లు తీసే జిరాక్సు షాపులు, ఒకే మెట్ల మీద నాలుగు ఇన్‌స్టిట్యూట్లు. అలాంటి చోటికి కూతవేటు దూరంలో, పంజాగుట్టలో ఓ బట్టల షోరూము పైన మూడో అంతస్తులో ఉన్న ఎంసెట్ కోచింగ్ సెంటర్లో నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని. "ఇంకా కెమిస్ట్రీయేనా మేడమ్, మీరూ ఏదైనా కోర్సు చెయ్యకూడదూ" అని జాలిపడని మనిషి లేడు. మావారిది మాసబ్ ట్యాంక్ దగ్గర ప్రభుత్వ ఆఫీసు. మధురానగర్‌లో రెండో అంతస్తులో మూడు గదుల అద్దె ఇల్లు. అత్తగారు, మేమిద్దరం, ఇంటర్లో కొత్తగా చేరిన మా అమ్మాయి, ఒరాకిల్ నేర్చుకుని ఒరాకిలే చెబుతున్న మా మరిది. అంతమందికి ఒకటే బాల్కనీ. దాని తీగల మీద ఎవరి బట్టలు ముందు ఆరాలన్నది రోజూ తేలని సమస్య.

కెమిస్ట్రీలో చర్యల వేగాన్ని లెక్కగట్టే కైనెటిక్స్ నా సొంత జాగీరని నా నమ్మకం. తెనాలి దగ్గర తెలుగు మీడియంలో క్రమాంకం, రేటు స్థిరాంకం అని బట్టీపట్టి, యూనివర్సిటీలో వాటినే ఆర్డర్, రేట్ కాన్‌స్టంట్ అని మళ్లీ బట్టీపట్టి ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. నా క్లాసులో పిల్లలకి ఏ లెక్కకైనా దారి ఉండేది. రేట్ కాన్‌స్టంట్ యూనిట్లు చూడండి, సెకనుకి మాత్రమే ఉంటే ఫస్టు ఆర్డర్, ముందు మోల్ పర్ లీటర్ ఉంటే జీరో ఆర్డర్, తలకిందులైతే సెకండ్ ఆర్డర్. ముప్పై సెకన్లలో జవాబు. పిల్లలకి మార్కులొచ్చేవి, నాకు పేరొచ్చేది. అసలు ఆర్డర్ అంటే ఏమిటని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు.

మా మరిది పెళ్లి చేసుకున్నది బల్కంపేట అమ్మాయిని. ఓ స్నేహితుడి పెళ్లిలో పరిచయమట. వాళ్ల నాన్నకి అక్కడే స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆమె బీఎస్సీ చదివి, ఊరి చివర ఓ మందుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేసేది. మా అత్తగారు మొదట వేరే ఊరి మాట, వేరే వంట అని మూతి ముడిచారు. రెండు నెలలు తిరిగేసరికి ఆవిడే పచ్చిపులుసు గిన్నె ముందుకు జరుపుకుని "మస్తుగుంది చిన్నమ్మాయ్" అనడం నేను చెవులారా విన్నాను. పదిహేడేళ్లుగా నేను పెట్టిన పప్పుచారుని ఆవిడ ఏ భాషలోనూ మెచ్చుకోలేదు. ఆషాఢంలో బోనాలకి తోటికోడలు అత్తగారినీ మా అమ్మాయినీ ఎల్లమ్మ గుడికి తీసుకెళ్లింది. నన్నూ పిలిచింది, నాకు క్లాసుంది. సాయంత్రం ఇంటికి వస్తే తాళం. మెట్ల మీద కూర్చుని గంటసేపు ఎదురుచూశాక ముగ్గురూ పసుపు ముఖాలతో నవ్వుకుంటూ వచ్చారు. మా అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. పదేళ్లు నిండాక నా చెయ్యి అలా పట్టుకున్న గుర్తు లేదు.

ఆ ఫ్యాక్టరీలో ఆమె పని మందులు ఎన్నాళ్లు చెడకుండా ఉంటాయో తేల్చడం. పెళ్లయిన కొత్తలో ఓ రోజు పప్పు కడుగుతూ చెప్పింది. "రెండేండ్లు ఆగుతదా లేదా చూడనీకె రెండేండ్లు కూసోలేం గదక్కా. వేడి పెట్టెల పెట్టి తొందర పెడతం. నెలనెలా తీసి ఎంత మిగిలిందో కొలుస్తం. దాన్ని బట్టి మామూలు వేడిల ఎన్ని దినాలు వస్తదో లెక్క కడతం." నేను "అర్హీనియస్ సమీకరణం" అన్నాను, ఆ పేరు నాకు తెలుసని ఆమెకి తెలియాలని. "అవునక్కా, గదే" అని నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

పెళ్లయిన ఏడాదిలోపే ఆ విభాగాన్ని వేరే రాష్ట్రానికి మార్చారు, ఆమె ఉద్యోగం పోయింది. ఇంట్లో అందరూ బాధపడ్డారు. నేనూ బాధపడినట్టే ఉన్నాను. లోపల మాత్రం, ఇక ఈ ఇంట్లో కెమిస్ట్రీ పని చేసేది నేనొక్కదాన్నే అనిపించింది. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు. మా మరిది ఆమెని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేర్పించాడు. పొద్దున్నే ఫైలు పట్టుకుని వెళ్లేది, మధ్యాహ్నం వాడిపోయిన ముఖంతో వచ్చేది. "ఎట్లుంది" అని అత్తగారు అడిగితే, "మంచిగనే ఉందత్తమ్మా. మనసు పెట్టాలె" అనేది. ఎక్కడైనా ల్యాబులోనో కాలేజీలోనో చిన్న పనైనా దొరికితే చెప్పమని నన్ను రెండుసార్లు అడిగింది. చూస్తానన్నాను.

ఇక అసలు సంగతి. ఓ ఆదివారం పొద్దున మా అమ్మాయి పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నైట్రోజన్ పెంటాక్సైడ్ విడిపోయే సమీకరణం. "అమ్మా, ఇక్కడ ముందు రెండు ఉంది కదా. మరి ఆర్డర్ ఒకటేంటి?"

"ప్రయోగంలో అలా వచ్చింది. ఆర్డర్ ప్రయోగం వల్లే తెలుస్తుంది. రాసుకో."

"ఏ ప్రయోగం? నువ్వు చేశావా?"

నేను చెయ్యలేదు. మా యూనివర్సిటీలో ఆ చర్య ఎవరూ చెయ్యలేదు. "పరీక్షలో అది అడగరు" అన్నాను. పిల్ల పుస్తకం మూసి లోపలికి వెళ్లింది. కాసేపటికి వంటింట్లోంచి తోటికోడలి గొంతు వినబడింది. "సమీకరణం చూసి ఆర్డర్ చెప్పొద్దు బిడ్డా. నువ్వు చెయ్యి చూసి మనిషి గుణం చెప్తవా? కలిసి ఉండి చూడాలె. రా, చూద్దాం."

నేను బాల్కనీలో బట్టలు మడతపెడుతున్నాను. వంటింటి కిటికీ బాల్కనీలోకే తెరుచుకుంటుంది. ఆరిన బట్టల్ని నేను అంత నెమ్మదిగా ఎప్పుడూ మడతపెట్టలేదు. ఆమె నాలుగు గాజు గ్లాసులు తెల్ల కాగితం మీద వరసగా పెట్టింది. ఒకదానిలో నీళ్లు పోసి ఎర్ర మిఠాయి రంగు కలిపింది. రెండోదాంట్లో అదే రంగు సగం, మూడోదాంట్లో పావు. ఇవి పక్కన పెట్టి చూసుకోవడానికి. నాలుగో గ్లాసులో మళ్లీ పూర్తి రంగు పోసి, సంపులో వేసే బ్లీచింగ్ పొడిని నీళ్లలో కలిపి గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లు అందులో పోసింది. "వాచీ చూడు" అంది. ఎరుపు మెల్లగా పలచబడుతోంది. సగం రంగు గ్లాసుతో సరిపోయేసరికి నాలుగు నిమిషాలు. సగం నుంచి పావుకి రావడానికి మళ్లీ నాలుగు నిమిషాలు.

"సగం రంగే మిగిలింది కదా పిన్నీ, రెండు నిమిషాల్లో అయిపోవాలి" అంది మా అమ్మాయి.

"రంగు తక్కువున్నప్పుడు పోయే జోరు సుత తక్కువైంది గదా. ఎంతుంటే అంత జోరు. గదే ఫస్టు ఆర్డర్." తర్వాత రంగు రెట్టింపు చేసి మళ్లీ చేసింది. సగం కావడానికి అప్పుడూ నాలుగు నిమిషాలే. బ్లీచింగ్ నీళ్లు రెట్టింపు పోస్తే రెండు నిమిషాల్లో సగమైంది. అది కూడా ఈ పనిలో భాగస్తురాలేనని అట్లా తెలిసింది. చివరికి గ్లాసుని వేడినీళ్ల గిన్నెలో పెట్టింది. రంగు చూస్తుండగానే పారిపోయింది.

"రేటు, రేట్ కాన్‌స్టంట్ రెండూ ఒకటే అనుకున్నాను" అంది పిల్ల.

"రేటంటే ఇప్పుడు ఎంత జోరుగ నడుస్తుందనేది. రంగు తగ్గితే తగ్గుతది. కాన్‌స్టంట్ దాని గుణం. రంగు ఎంత పోసినా మారదు, వేడి పెడితెనే మారుతది."

"మరి జీరో ఆర్డర్?"

"కింద జిరాక్సు షాపు చూసినవా? ఒక్కటే మిషన్. లైన్ల పదిమంది ఉన్నా యాభైమంది ఉన్నా నిమిషానికి వచ్చే కాగితాలు గన్నే. ఉన్నోళ్లు పెరిగితే పని పెరగదు."

నా కూతురు పగలబడి నవ్వింది. నవ్వుతూనే నోట్సులో ఏదో గబగబా రాసుకుంది. నేను చెప్పేటప్పుడు రాసుకో అని నేనే అనాలి. ఆ క్షణంలో నాకు ఆమె మీద కలిగిన అసూయ ఎంత స్పష్టంగా ఉందంటే, మడతపెట్టిన మావారి చొక్కాని విప్పి, మళ్లీ మడతపెట్టి, మళ్లీ విప్పాను. పాఠం ఆమెకి వచ్చినందుకు కాదు. ఆ పాఠం అంత తేలికగా ఉంటుందని, పద్నాలుగేళ్లుగా చెబుతున్న నాకు తెలియనందుకు.

మా అమ్మాయి కడుపులో మాట దాగదు. అది కూడా మా సెంటర్లోనే చదివేది కాబట్టి వారంలో స్నేహితులకి చెప్పేసింది. మరుసటి ఆదివారం నలుగురు వచ్చారు, ఆ పై వారం పదకొండు మంది. చెప్పులతో మెట్లన్నీ నిండిపోయాయి. అందులో సగం మంది నా క్లాసులో కూర్చునే పిల్లలు. గుమ్మంలో నన్ను చూసి "గుడ్ మార్నింగ్ మేడమ్" అని లోపలికి ఆమె దగ్గరికి వెళ్లేవారు. అత్తగారు అందరికీ మజ్జిగ ఇచ్చేవారు. నేను తలనొప్పని పడుకునేదాన్ని, తలుపు కొద్దిగా తీసి ఉంచి.

అది మా డైరెక్టరు గారి చెవిన పడింది. గుంటూరు మనిషి, మంచివాడే, ఎప్పుడూ హడావిడి. స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి, "ఏంటి మేడమ్, మీ ఇంట్లో ఇంకో కెమిస్ట్రీ మేడమ్ ఉన్నారంట. పిల్లలు తెగ చెప్పుకుంటున్నారు. ప్రయోగాలు చూపిస్తూ డౌట్లు చెప్పే మనిషి మనకి కావాలి. ఒకసారి రమ్మనండి" అన్నారు.

"ఆవిడది బీఎస్సీయే అండీ" అన్నాను.

"డిగ్రీదేముంది మేడమ్. డౌట్లకేగా."

"సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోతోందండీ. నేనూ అడిగాను. ఇష్టం లేదంది."

నేను అడగలేదు. ఆ మాట నోట్లోంచి ఎంత మామూలుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. అబద్ధం చెప్పేటప్పుడు గుండె దడదడలాడుతుందని వినడమే తప్ప నాకేమీ కాలేదు. పైగా, "ఆ ప్రయోగాలు నేను చూపిస్తాను, అదేం పెద్ద పని" అని కూడా అన్నాను. డైరెక్టరు గారు సంతోషించి వెళ్లిపోయారు.

మర్నాడే నేను గ్లాసులు, మిఠాయి రంగు, మంచినీళ్ల సీసాలో వడగట్టిన బ్లీచింగ్ నీళ్లు సంచిలో పెట్టుకుని వెళ్లాను. మొదట చేసింది పొద్దుటి బ్యాచ్‌లో, మా అమ్మాయి ఉండని బ్యాచ్‌లో. కిటికీ పక్కన విన్నది విన్నట్టు చేశాను, చెప్పింది చెప్పినట్టు చెప్పాను. జిరాక్సు షాపు కూడా వదల్లేదు. క్లాసంతా లేచి గ్లాసుల చుట్టూ మూగింది. ఆఖర్న చప్పట్లు కొట్టారు. కోచింగ్ సెంటర్లో లెక్చరర్‌కి చప్పట్లు కొట్టడం అప్పటికి నేను చూడలేదు. మెట్రో స్టేషన్లో కనిపించిన మనిషి ఆ బ్యాచ్ వాడే. ఆ పూట పంజాగుట్ట నుంచి మధురానగర్ దాకా నేను నడిచిన నడక చూస్తే నాకు ఇరవై ఏళ్లనుకుంటారు. ఇంటికెళ్లి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వారం తిరక్కుండా డైరెక్టరు గారు మిగతా బ్యాచ్‌లన్నిటినీ కలిపి పెద్ద హాల్లో కూర్చోబెట్టి, నా చేత ఆ ప్రయోగం చెయ్యమన్నారు. రెండు వందల మంది పైన. ఆఖరి బెంచీ దాకా ఎరుపు కనిపించాలి కదా అని రంగు నాలుగింతలు పోశాను. బ్లీచింగ్ నీళ్లు మాత్రం ఎప్పటి లెక్కే. మా అమ్మాయి ఐదో వరసలో కూర్చుంది. నేను గ్లాసులు బయటికి తీస్తుంటే ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది. వంటింటి గ్లాసులు దానికి తెలియవా.

మొదటి సగానికి ఆరు నిమిషాలు పట్టింది. ఫరవాలేదు. మళ్లీ సగానికి ఆరే పడుతుంది చూడండి అని చెప్పి నిలబడ్డాను. ఆరైంది. ఎనిమిదైంది. పదైంది. రంగు పావు గ్లాసుతో ఇంకా కలవలేదు. ముందు బెంచీలో ఓ సన్నటి కుర్రాడు చెయ్యెత్తాడు. "మేడమ్, ప్రతిసారి ఒకే టైం పట్టాలె అన్నరు గదా."

"నీ వాచీ సరిగ్గా లేదు, చూసుకో" అన్నాను.

హాలంతా నవ్వింది. ఆ పిల్లవాడు ఎర్రబడిన ముఖంతో కూర్చున్నాడు. అప్పుడు ఐదో వరసలో మా అమ్మాయి లేచి నిలబడింది. సెంటర్లో అది నన్ను అమ్మా అనేది కాదు. "మేడమ్, అతని వాచీ సరిగ్గానే ఉంది. నాది కూడా పదే చూపిస్తోంది" అంది. కూర్చోకుండా నిలబడే ఉంది. నేను ఏదో అన్నాను, గాలి అనో, దుమ్ము అనో. గంట కొట్టారు. ఆ గంటకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఆ సాయంత్రం వంటింట్లో తోటికోడలు బీరకాయ చెక్కు తీస్తోంది. అత్తగారు గుడికెళ్లారు, మా అమ్మాయి లోపలి గదిలో తలుపేసుకుంది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "రెండో సగానికి ఎక్కువ సేపు పట్టింది. ఎందుకు?" అని అడిగేశాను. ఎక్కడ, ఎప్పుడు, మీరెందుకు చేశారని ఆమె అడగలేదు. మా అమ్మాయి అప్పటికే చెప్పిందని నాకు ఆ అడగకపోవడంలోనే తెలిసింది.

"రంగెంత పోసిండ్రక్కా?"

"నాలుగింతలు."

"బ్లీచింగ్?"

"మామూలుగానే."

బీరకాయ పక్కన పెట్టింది. "రంగు పోతుంటే బ్లీచింగ్ సుత ఖర్చయితది గదక్కా. మనింట్ల అది మస్తు ఎక్కువుండె. కొంచెం తగ్గినా తెల్వలే. అందుకని రంగు ఒక్కదాని మీదనే నడుస్తున్నట్టు కనవడ్డది. ఆడ అది సుత తగ్గిపోయింది. ఇగ ఒకే టైం ఎట్లొస్తది?"

మిథ్యా ప్రథమ క్రమాంక చర్య. పద్నాలుగేళ్లుగా ఆ పేరు పిల్లల చేత రాయిస్తున్నాను. రెండు పదార్థాల మీద ఆధారపడినా, ఒకటి బాగా ఎక్కువగా ఉంటే ఒకదాని మీదే ఆధారపడినట్టు కనిపించే చర్య అని నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. అదే ఇవాళ రెండు వందల మంది ముందు గ్లాసులో జరిగితే గుర్తుపట్టలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ డైరెక్టరు గారు అడిగిన సంగతి, నేనన్న మాట, అంతా చెప్పేశాను.

ఆమె కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. "నా మొకం మీదనే రావద్దన్నా బాగుండుండె అక్కా" అంది. "అడగకుండనే నేను వద్దన్ననని చెప్పిండ్రు." అంతే. మళ్లీ బీరకాయ అందుకుంది. ఆ మాటలో కోపం ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

మర్నాడు క్లాసులో ఆ సన్నటి కుర్రాణ్ణి నిలబెట్టి, వాచీ తప్పు కాదు, తప్పు నాదేనని చెప్పాను. ప్రయోగం కూడా నాది కాదని, మా తోటికోడలిదని చెప్పాను. పొద్దుటి బ్యాచ్‌కి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. అక్కడ కొట్టిన చప్పట్లు అప్పటికింకా చెవుల్లోనే ఉన్నాయి. మధ్యాహ్నం ఆమెని వెంటబెట్టుకుని డైరెక్టరు గారి గదికి వెళ్లాను. ఆయన ఇద్దరికీ టీ తెప్పించి, ఇబ్బందిగా కదిలి, "రిటైరైన మాస్టారొకాయన్ని మొన్ననే తీసుకున్నామండీ. మేడమ్ గారే మిమ్మల్ని అడిగి, మీకు ఇష్టం లేదన్నారుగా" అన్నారు. నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. "అవును సార్. అప్పుడు ఇష్టం లేకుండె" అంది ఆమె. నన్ను కాపాడడానికి అంది. అందులో అంతకంటే వేరే అర్థం వెతకడానికి నాకు ధైర్యం లేదు.

కిందకి దిగేసరికి వాన. షోరూము రేకు కింద పది నిమిషాలు నిలబడ్డాం. ఏదైనా అంటుందని చూశాను. "రాత్రికి చపాతీలు చేద్దామా అక్కా, అన్నమే మిగిలి ఉందా?" అని అడిగింది.

ఆ తర్వాత ఆదివారం తరగతులు ఆగిపోయాయి. నా వల్లే ఆపానని ఆమె అనలేదు. కోర్సు పరీక్షలున్నాయంది, మనసు పెట్టాలంది. పెట్టింది కూడా. ఆరు నెలల్లో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది, ఏడాదిలో ఇద్దరూ బెంగళూరు వెళ్లారు. బాగా పైకొచ్చింది. ఇప్పుడు ఆమె కింద పదిహేను మంది పనిచేస్తారట. అదే నయమైందని మావారు అంటుంటారు. నిజమే కావచ్చు. అయినా పప్పు కడుగుతూ మందుల వేడి పెట్టెల గురించి చెప్పినప్పుడు ఆ కళ్లలో ఉన్న వెలుగు, ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ కనిపించలేదు.

మా అమ్మాయి అందరిలా కంప్యూటర్ల వైపు వెళ్లకుండా ఫార్మసీ చదివింది. పిన్నిని అడిగే ఆ నిర్ణయం తీసుకుంది, నాకు తర్వాత చెప్పింది. పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా ఆ ఇద్దరూ వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుంటారు. ఇక్కడికి వచ్చినప్పుడు మా అమ్మాయి బాల్కనీలో నిలబడి, తను పరీక్షిస్తున్న మందు గురించి, "అది జీరో ఆర్డరేమో పిన్నీ, నెలనెలా ఒకే లెక్కన తగ్గుతోంది" అంటూ ఉంటే, అవతల ఆమె ఏదో అంటుంది, ఇది పడీపడీ నవ్వుతుంది. నేను లోపల కూర్చుని వింటాను. అసూయ పోయిందని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. నాతోనూ ఆమె ప్రతి పండక్కీ మాట్లాడుతుంది. ఒంట్లో ఎలా ఉందక్కా అంటుంది, మోకాళ్లకి ఫలానా నూనె రాయమంటుంది, పచ్చిపులుసులో చింతపండు ఎంతో చెబుతుంది. కెమిస్ట్రీ మాట మాత్రం ఆ వాన రోజు నుంచి ఒక్కసారి కూడా నాతో ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చేసిన తప్పు ఆమె ముందు ఒప్పుకోవడానికి నాకు ఒక్క సాయంత్రం సరిపోయింది. ఆ ఒప్పుకోలు విని ఆమె నన్ను క్షమించిందో లేదో అడిగి తెలుసుకోవడానికి ఇన్నేళ్లూ సరిపోలేదు.